కప్పు మీద తేలిన తెట్టు

పత్తి సీజన్‌లో గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు బస్సులో వెళ్లి ఉంటే జిన్నింగ్ మిల్లులు మీకు కొత్త కాదు. లారీల్లో వచ్చిన పత్తి లోపలికి వెళ్తుంది. దూది ఒక పక్కకి, గింజ ఇంకో పక్కకి. దూది బేళ్లుగా మారి స్పిన్నింగ్ మిల్లుకి పోతుంది. గింజ నూనె మిల్లుకి పోతుంది. అక్కడ దాన్ని గట్టిగా నొక్కితే నూనె, చెక్క విడిపోతాయి. నూనె వంటింటికి, చెక్క గేదెల దాణాలోకి. ఇందులో పారేసేది అంటూ ఏమీ లేదు.

ఈ నూనె మిల్లుకీ, చలికాలం సాయంత్రం మీరు తాగే హాట్ చాక్లెట్‌కీ దగ్గరి చుట్టరికం ఉందంటే నమ్ముతారా? ఆ చుట్టరికం కలిపిన కుటుంబం ఒకటుంది. వాళ్లబ్బాయి పేరు కోన్‌రాడ్ వాన్ హౌటెన్. నెదర్లాండ్స్‌లో 1801లో పుట్టి 1887లో చనిపోయాడు. కోకో పొడి డబ్బాల మీద ఆ ఇంటిపేరు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆయన గురించి నాకు తెలిసింది ఏ లైబ్రరీలోనో కాదు, ఉండలు కట్టిన కప్పు ముందు. బీటెక్ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాద్‌లో ముగ్గురం ఒక రూమ్‌లో ఉండేవాళ్లం. ఓ ఇంటర్వ్యూ పోయిన రాత్రి, కనీసం ఇదైనా బాగా చేద్దామని మరుగుతున్న పాలలో రెండు చెంచాల కోకో వేశాను. పొడి అంతా పైకి తేలి గోళీల్లా ఉండలు కట్టింది. ఇంజినీరింగ్ చదివినోడికి పాలలో పొడి కలపడం కూడా రాదా అని రూమ్మేట్ నవ్వాడు. ఎందుకు కలవలేదో వెతుకుతూ పోతే 1828 దగ్గర ఆగాను.

తాగడానికి మొండి పానీయం

ముందు సమస్య ఏంటో చూద్దాం. కోకో పుట్టిల్లు అమెరికా ఖండం. మన మిర్చి పుట్టిల్లు కూడా అక్కడే. మెక్సికో ప్రాంతంలో పూర్వం కోకో గింజల్ని వేయించి, నూరి, నీళ్లలో కలిపి, మిరప లాంటివి దట్టించి నురగ వచ్చేలా చేసి తాగేవాళ్లు. స్పెయిన్ వాళ్ల ద్వారా అది యూరప్ చేరింది. అక్కడ చక్కెర కలిసింది. మిరప మాత్రం పోర్చుగీసు ఓడల్లో మన వైపు వచ్చింది. ఇవాళ గుంటూరు యార్డుకు వచ్చే టిక్కీలన్నీ ఆ ప్రయాణం ఫలితమే.

యూరప్‌లో చాక్లెట్ అంటే చాలాకాలం తాగేదే, తినేది కాదు. అయితే తాగడం అంత సుఖంగా ఉండేది కాదు. కారణం చిన్నది. కోకో గింజ పప్పులో సగానికి పైగా కొవ్వే. దాన్ని కోకో బటర్ అంటారు. వేయించిన గింజను నూరితే పొడి రాదు, జారుగా ముద్ద వస్తుంది. వేరుశనగ గుళ్లు మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి, అదే ఇది. ఆ ముద్దను బిళ్లలుగా చేసి అమ్మేవాళ్లు. వేడి నీళ్లలోనో పాలలోనో వేస్తే కొవ్వు పైకి తేలి కప్పు మీద జిడ్డుగా తెట్టు కట్టేది. చల్లారితే ఆ తెట్టు గట్టిపడేది.

వ్యాపారులు దీనికి ఓ సర్దుబాటు కనిపెట్టారు. బంగాళదుంప పిండి, సగ్గుబియ్యం పిండి లాంటివి కలిపి ఆ కొవ్వును పీల్చేసేలా చేసేవాళ్లు. అంటే సమస్య మీద ఇంకో పొర వేశారు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ప్యాచ్ వేశారు. బగ్ అలాగే ఉంది.

అప్పటికి అతనికి 27 ఏళ్లు

కోన్‌రాడ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. తండ్రి కాస్పరస్ వాన్ హౌటెన్ 1815లో అక్కడే చాక్లెట్ మిల్లు పెట్టాడు. మిల్లు అంటే మోటార్లు ఊహించుకోకండి. మనుషులు తిప్పితే తిరిగే మిల్లు. అప్పటికి కోన్‌రాడ్‌కు 14 ఏళ్లు. గింజ వేయించడం, పొట్టు తీయడం, నూరడం ఆ ఇంటి పని. మన దగ్గర మిల్లు ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లాడికి చెక్క వాసన ఎలాగో, ఇతనికి కోకో వాసన అలాగ.

1828లో ఆ ఇంటికి నెదర్లాండ్స్ రాజు మొదటి విలియం నుంచి ఒక పేటెంట్ వచ్చింది. నూరిన కోకో ముద్దను ప్రెస్‌లో పెట్టి గట్టిగా నొక్కి, అందులోని కొవ్వును బయటికి పిండే పద్ధతి అది. కొవ్వు దాదాపు సగానికి తగ్గింది. మిగిలింది గట్టి బిళ్ల. మన మిల్లు భాషలో చెక్క. ఆ చెక్కను దంచి జల్లిస్తే వచ్చిందే కోకో పొడి.

ఇక్కడే అసలు మలుపు. అందరూ ఏం కలిపితే తెట్టు పోతుందని చూస్తుంటే, ఈ ఇంట్లో ఏం తీసేస్తే పోతుందని చూశారు. గింజలోంచి నూనె పిండటం అప్పటికి ప్రపంచానికి కొత్త విద్య కాదు, మన గానుగ వయసు ఎంతో లెక్కే లేదు. కొత్తదల్లా ఎక్కడి పనిని ఎక్కడికి తెచ్చారన్నదే.

కోన్‌రాడ్ పేరు మీద నిలిచిన రెండో పని ఇంకోటుంది. కోకోను పొటాషియం కార్బనేట్ లాంటి క్షార లవణాలతో శుద్ధి చేయడం. కోకోకు సహజంగా కొంత పులుపు, వగరు ఉంటాయి. క్షారం ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. రుచి మెత్తబడుతుంది, రంగు ముదురుతుంది, పొడి నీళ్లలో, పాలలో సులువుగా కలుస్తుంది. దీన్నే ఇవాళ్టికీ డచ్ పద్ధతి అంటారు. ఒక్క మాట గుర్తుంచుకోండి. కోకో పొడి చక్కెరలా కరగదు. సన్నని రేణువులుగా విడిపోయి తేలుతూ ఉంటుంది, అంతే. కప్పు అడుగున చివర్లో మిగిలే మడ్డి అందుకే.

పేరు ఎవరిది?

ఈ కథలో మీకు పనికొచ్చే చిక్కుముడి ఒకటుంది. ప్రెస్ కనిపెట్టింది కోన్‌రాడ్ అని చాలాచోట్ల చదువుతారు. 1828 పేటెంట్ మీద ఉన్న పేరు మాత్రం తండ్రి కాస్పరస్‌ది. ప్రపంచం కొడుకును గుర్తుపెట్టుకుంది, కాగితం తండ్రిని గుర్తుపెట్టుకుంది.

నలుగురు కలిసి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చేసినవాళ్లకు ఈ బాధ తెలుసు. రాత్రంతా కోడ్ రాసేది ఒకరు, స్టేజీ మీద చెప్పేది ఇంకొకరు. ఇంటర్వ్యూలో మేం చేశాం అంటే సరిపోదు, అందులో నువ్వేం చేశావని అడుగుతారు. అందుకే ఎవరు ఏ భాగం చేశారో తేదీతో సహా మొదటి రోజు నుంచీ రాసి పెట్టుకోండి. మన పేటెంట్ దరఖాస్తులోనూ ఆవిష్కర్త వేరు, దరఖాస్తుదారు వేరు. రెండు గళ్లలో ఎవరి పేర్లు ఉన్నాయో చూడకుండా సంతకం పెట్టొద్దు.

ఇంకో సంగతి. ఆ పేటెంట్ గడువు 1838లో తీరిపోయింది. ఆ తర్వాత ఎవరైనా ఆ ప్రెస్ వాడుకోవచ్చు. (మన దేశంలో ఇప్పుడు పేటెంట్ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు.) రక్షణ పోయింది కదా అని వాన్ హౌటెన్‌లు దుకాణం మూయలేదు. 1850లో ఫ్యాక్టరీని ఆమ్‌స్టర్‌డామ్‌కు దగ్గర్లోని వేస్ప్ అనే చిన్న ఊరికి మార్చారు. ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీలకు సరుకు పంపారు. కోన్‌రాడ్ కొడుకు కాస్పరస్ యోహానెస్ వ్యాపారంలోకి వచ్చాక ప్రకటనల మీద బాగా ఖర్చుపెట్టి ఆ పేరును దేశదేశాలకు చేర్చాడు. తాతది మిల్లు, తండ్రిది పద్ధతి, మనవడిది మార్కెటింగ్. కోన్‌రాడ్ 86 ఏళ్ల వయసులో వేస్ప్‌లోనే కన్నుమూశాడు.

పిండేసిన కొవ్వు ఎటు పోయింది?

పత్తి గింజ కథలాగే ఇక్కడా రెండో సరుకు ఉంది. పొడి కోసం పిండితే బోలెడు కోకో బటర్ మిగిలింది. దాన్ని ఏం చేయాలి? 1847లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ దానికి జవాబు చెప్పింది. కోకో పొడి, చక్కెరల్లో కరిగించిన కోకో బటర్ కలిపి అచ్చులో పోసింది. గట్టిగా నిలిచి, నోట్లో కరిగే చాక్లెట్ బార్ వచ్చింది. కోకో బటర్ దాదాపు మన ఒంటి వేడి దగ్గరే కరుగుతుంది మరి. కప్పులో తెట్టు కట్టి విసిగించిన గుణమే బార్‌లో వరమైంది.

1866లో క్యాడ్‌బరీ కూడా వాన్ హౌటెన్ ప్రెస్‌ను తెచ్చుకుని, పిండి కలపని కోకోను మార్కెట్లోకి దించింది. అప్పటికి కుటుంబం ఇబ్బందుల్లో ఉన్న ఆ కంపెనీ నిలదొక్కుకోవడానికి ఆ కోకో సాయపడింది. 38 ఏళ్ల కిందటి ఒక పాత యంత్రం ఇంకొకరి కొలువులు నిలిపింది.

ఇక మీ వంతు: ఒక కప్పు

మరి కొవ్వు తీసేస్తే చిక్కదనం ఎక్కడి నుంచి వస్తుంది? మన గేదె పాల నుంచి. ఇందులో కొవ్వు 6-7 శాతం దాకా ఉంటుంది. పాలలోని కొవ్వు చిన్న చిన్న బొట్లుగా, చుట్టూ పలుచని పొరతో ఉంటుంది కాబట్టి కోకో బటర్‌లా నూనెగా విడిపోదు. వాన్ హౌటెన్‌లు తీసేసిన చిక్కదనాన్ని మనం ఇంకో దారిలో తిరిగి తెచ్చుకుంటున్నాం.

ఒక కప్పుకి 200 మి.లీ. గేదె పాలు, రెండు నిండు టీస్పూన్ల తీపి లేని కోకో పొడి, మూడు టీస్పూన్ల చక్కెర, చిటికెడు ఉప్పు, ఉంటే 20 గ్రాముల డార్క్ చాక్లెట్ ముక్కలు.

పొడిని మరిగే పాలలో వేయొద్దు. నేను చేసిన తప్పు అదే. వేడికి ఉండ పైపొర తడిసి బిగుసుకుంటుంది, లోపల పొడి పొడిగానే మిగిలిపోతుంది. మీ అమ్మమ్మ రాగిజావ కాచేటప్పుడు పిండిని ముందు విడిగా కలుపుకునేది ఇందుకే. గిన్నెలో కోకో, చక్కెర, ఉప్పు పొడిగా కలపండి. చక్కెర పలుకులు కోకో రేణువుల్ని విడదీస్తాయి. మూడు నాలుగు చెంచాల గోరువెచ్చని పాలు పోసి దోసెపిండిలా జారుగా కలపండి. ఇప్పుడు మిగతా పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపి, సన్న మంట మీద నాలుగైదు నిమిషాలు కాచండి. పొంగు రానివ్వొద్దు. చాక్లెట్ ముక్కలు వేసి, కరిగాక దించి కవ్వంతో బాగా చిలకండి. మెక్సికోలో కూడా నురగ కోసం కవ్వం లాంటి చెక్క పరికరమే వాడతారు. ధైర్యం ఉంటే చివర్లో చిటికెలో సగం గుంటూరు కారం చల్లి చూడండి. ఒకే నేలలో పుట్టి విడిపోయిన రెండూ మళ్లీ కలుస్తాయి.

మన దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంటగా వేస్తారు. ఫుడ్ టెక్నాలజీ చదవాలంటే బాపట్లలో కాలేజీ ఉంది, పైచదువుకు మైసూరులో సీఎఫ్‌టీఆర్‌ఐ ఉంది. చిన్న యూనిట్ పెట్టేవాళ్లకు కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా బ్యాంకు రుణంతో ముడిపడిన సబ్సిడీ పెట్టారు. మెకానికల్ చదివి ఉద్యోగాలు లేవని దిగులుపడేవాళ్లు ఒకసారి గుర్తు చేసుకోండి. కోకోను మార్చింది వంటవాడు కాదు, ఒక ప్రెస్.

నా ఉద్యోగం ఆ రాత్రి తర్వాత ఏడు నెలలకు గానీ రాలేదు. హాట్ చాక్లెట్ మాత్రం రెండోసారికే కుదిరింది. మీరూ చేసుకున్నాక తాగేముందు కప్పు పైకి ఒక్క క్షణం చూడండి. సన్నగా మీగడ కడుతుంటే అది పాలది. నూనె తెట్టు మాత్రం కనిపించదు. అది కనిపించకపోవడమే ఆ తండ్రీకొడుకులు చేసిన పని.