గొంతు డాక్టర్ చేతిలో పుట్టిన స్ప్రే గన్

గోదావరిఖనిలో బండ్లకు రంగులేసే ఏ షెడ్డుకైనా వెళ్లండి, గోడకు ఒక స్ప్రే గన్ వేలాడుతుంటుంది. ఆ పనిలోకి దిగాలనుకుంటే, దాన్ని పట్టుకునే ముందు ఒకాయన గురించి తెలుసుకోండి. ఆయన పెయింటర్ కాదు, డాక్టర్.

పేరు అలెన్ డివిల్బిస్. అమెరికాలోని టొలీడో నగరంలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడు. అప్పట్లో గొంతు నొప్పంటే పుల్లకు దూది చుట్టి, మందులో ముంచి లోపల పూసేవాళ్లు. పాపం, రోగికి డోకు వచ్చేది. డివిల్బిస్ వేరే దారి చూశాడు. రబ్బరు బుడ్డి నొక్కితే గాలి తోసుకొచ్చి, మందును సన్నటి తుంపరగా చేసి గొంతులోకి కొట్టే పరికరం తయారుచేశాడు. 1888లో కంపెనీ పెట్టాడు. మన ఇల్లెందులో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది ఆ మరుసటేడే.

ఆ ఇంట్లో బుర్రలకు కొదవలేదు. ఒక కొడుకు అలెన్ జూనియర్ స్ప్రింగు లేని తూకం మిషన్ చేశాడు. ఇంకో కొడుకు థామస్ తండ్రి కంపెనీలో చేరి, అదే తుంపరను అత్తరు సీసాలకు, తర్వాత రంగులకు మళ్లించాడు. 1907లో స్ప్రే గన్ వచ్చింది. రబ్బరు బుడ్డి స్థానంలో కంప్రెసర్ చేరింది. మొదట ఫర్నిచర్ వాళ్లు వాడారు. 1920లలో త్వరగా ఆరే లక్కర్ వచ్చాక కార్ల ఫ్యాక్టరీలకు గన్ తప్పనిసరైంది. ఎందుకంటే అంత త్వరగా ఆరే రంగును బ్రష్‌తో సాఫీగా పూయడం కష్టం.

ఇప్పుడు మీ చేతిలోని గన్ చూడండి. సూత్రం డాక్టర్‌దే, గాలి రంగును చీల్చాలి. సర్దుకోవాల్సినవి మూడు: గాలి ఒత్తిడి, రంగు పారకం, తుంపర వెడల్పు. నేరుగా డోర్ మీద కొట్టకండి, ముందు పాత పేపర్ మీద కొట్టి చూడండి. మచ్చ నడుమ దట్టంగా, అంచుల్లో పలచగా పడితే గాలి చాలట్లేదు, లేదా రంగు చిక్కగా ఉంది. నడుమ ఖాళీగా, రెండు కొసల్లో దట్టంగా పడితే గాలి ఎక్కువైంది. ఒక పక్కకే వంగితే ఎయిర్ క్యాప్ రంధ్రం పూడుకుంది. దాన్ని ఇనుప తీగతో పొడిచారో, రంధ్రం పాడై గన్ మళ్లీ సరిగా కొట్టదు. థిన్నర్‌లో నానబెట్టి, సన్నటి చెక్కపుల్లతో తీయండి.

కొట్టేటప్పుడు జానెడు కంటే కాస్త తక్కువ దూరం ఉంచండి. మణికట్టు ఊపకుండా చెయ్యంతా కదలాలి. ప్రతి వరుస ముందు వరుసలో సగాన్ని కప్పాలి. దగ్గరైతే రంగు కారుతుంది, దూరమైతే గరుకు తేలుతుంది. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు రోజూ వదలండి. మన దగ్గర బొగ్గు దుమ్ము సంగతి వేరే చెప్పాలా? నేల తడిపి, బండిని తుడిచాకే మొదలెట్టండి. కష్టపడి చేసిన నున్నటి ఫినిష్ మీద ఒక్క నలుసు వాలినా మళ్లీ రుద్దుడే.

ఇక అసలు సంగతి. గొంతు బాగుచేయడానికి పుట్టిన తుంపర ఇది. ఇప్పుడు అదే తుంపర పెయింటర్ ఊపిరితిత్తుల్లోకి పోతోంది. హార్డెనర్ కలిపే రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఆస్తమా తెచ్చిపెడతాయి. మూతికి కట్టుకున్న రుమాలు వాటిని ఆపదు. అలాంటి రంగులకు బయటి నుంచి పైపు ద్వారా మంచి గాలి అందించే మాస్క్ ఉండాలి, మిగతా వాటికి కనీసం కార్ట్రిడ్జ్ మాస్క్. పనిలో చేరే రోజు జీతంతో పాటు మాస్క్ సంగతీ అడగండి.