శిలాముద్రణ పితామహుడు ఆలోయిస్ సెనెఫెల్డర్

ముద్రణ అనగానే మనకు గుటెన్‌బర్గు పేరు స్ఫురించును. 15వ శతాబ్ది మధ్యభాగమున జర్మనీలోని మైంజ్ నగరంలో విడివిడి లోహాక్షరములను కూర్చి గ్రంథములను అచ్చువేసిన ఘనత అతనిది. ఆ కీర్తిని ఎవరూ కాదనరు. కాని అతనికి మూడున్నర శతాబ్దుల అనంతరం, అదే జర్మన్ భాషా ప్రాంతమున, ఒక పేద నటుని కుమారుడు ఉలి లేకుండ, సీసపు అక్షరము లేకుండ అచ్చువేయు మార్గమును కనుగొన్నాడు. మనిషి చేతి వ్రాతను, చేతి గీతను ఉన్నది ఉన్నట్లుగా వేల ప్రతులలోనికి ఎక్కించిన ఆ శిలాముద్రణకు లిథోగ్రఫీ అని పేరు. దానిని కనుగొన్నవాడు ఆలోయిస్ సెనెఫెల్డర్. ఉర్దూ, తెలుగు పుటలు ఒకే అట్టల నడుమ వెలువడు ఇట్టి సంచికలో అతని చరిత్రను చెప్పుకొనుట సముచితమని మేము భావించుచున్నాము. ఏలయన తెలుగు లిపి అచ్చులోనికి వచ్చిన త్రోవ వేరు, ఉర్దూ లిపి వచ్చిన త్రోవ వేరు. ఆ రెండవ త్రోవను తీర్చినవాడు ఇతడే.

సెనెఫెల్డర్ గొప్పతనము తెలియవలెనన్న అతనికి ముందు బొమ్మలను అచ్చువేయు విధానములు ఎట్లుండెనో కొంత తెలియవలెను. అవి ప్రధానముగా రెండు. మొదటిది ఉబ్బు అచ్చు. కొయ్యదిమ్మెపై బొమ్మ గీసి, గీతలు తప్ప తక్కిన భాగమంతయు చెక్కివేయుదురు. పైకి నిలిచిన గీతలకు రంగు పూసి ఒత్తుదురు. మన మచిలీపట్నం, పెడన ప్రాంతములలో కలంకారీ వస్త్రములపై అద్దకపు దిమ్మెలతో అచ్చువేయువారిని చూచినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. చైనాలో క్రీ.శ. 868 నాటికే ఈ విధముగా బొమ్మతో కూడిన వజ్రసూత్రమను బౌద్ధ గ్రంథము అచ్చయినది. జర్మనీలో 1498లో ఆల్బ్రెష్ట్ డ్యూరర్ కొయ్యచెక్కడపు చిత్రములతో వెలువరించిన గ్రంథము లోకప్రసిద్ధము. రెండవది లోతు అచ్చు. రాగిరేకుపై సూదివంటి ఉలితో గాని, ఆమ్లముతో గాని గీతలను లోతు చేసి, ఆ పల్లములలో సిరాను నింపి, పై భాగమును తుడిచివేసి, తడి కాగితమును పరచి రెండు రోలర్ల నడుమ బలముగా నొక్కుదురు. 17వ శతాబ్దిలో హాలెండు చిత్రకారుడు రెంబ్రాంట్ ఆమ్లముతో చేసిన రాగిరేకు చిత్రములలో వెలుగునీడలను అద్భుతముగా పలికించినాడు. ఈ రెండు విధానములలోను శ్రమ ఎక్కువ, ఖర్చు ఎక్కువ. పైగా అచ్చు పడవలెనన్న గీత ఎత్తుగనో, లోతుగనో ఉండి తీరవలెనని అందరును నమ్మియుండిరి. చదునైన తలముపైనుండి అచ్చు తీయవచ్చునని ఎవ్వరికిని తోచలేదు.

ఆలోయిస్ సెనెఫెల్డర్ 1771 నవంబరు 6న ప్రేగ్ నగరమున జన్మించినాడు. తండ్రి పీటర్ రంగస్థల నటుడు. నాటక సంఘముతో ఊరూర తిరుగుచు ప్రేగ్ చేరిన కాలమున ఈ కుమారుడు కలిగినాడు. తరువాత తండ్రికి బవేరియా రాజధానియైన మ్యూనిక్ నగరపు ఆస్థాన నాటకశాలలో కొలువు దొరికినది. కుమారుడు కూడ నటుడగుట తండ్రికి ఇష్టము లేదు. అందువలన అతనిని ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయమునకు న్యాయశాస్త్రము చదువుటకై పంపినాడు. యువకుని మనసు మాత్రము నాటకముల మీదనే ఉండెను. 18 ఏండ్ల వయసులోపుననే అతడొక నాటకము వ్రాసినాడు. అది ప్రదర్శింపబడి మెప్పు పొందినది, అచ్చుపడి కొంత లాభము కూడ తెచ్చినది.

ఇంతలో పిడుగు పడినది. అతనికి ఇరవై ఏండ్లు వచ్చిన కాలమున తండ్రి మరణించినాడు. ఇంట తల్లి, ఎనిమిదిమంది తోబుట్టువులు. చదువు మధ్యలోనే ఆగిపోయినది. కొంతకాలము ఊరూర తిరిగి వేషములు వేసినాడు గాని పొట్ట గడువలేదు. మరొక నాటకము వ్రాసి అచ్చుకిచ్చినాడు. అచ్చుకూటమువారు సకాలమున పని ముగింపలేదు. అమ్మకమునకు తగిన సమయము దాటిపోయినది. అచ్చు ఖర్చు కూడ రాలేదు. అయితే ఆ అచ్చుకూటమున నిలుచుండి పనిని గమనించినప్పుడు అతనికి ఒక ఆలోచన కలిగినది. తన రచనలను తానే అచ్చువేసికొనగలిగిన ఎవరి దయ కొరకును కాచుకొనవలసిన పని లేదు గదా యని. యంత్రము కొనుటకు, అక్షరములు కొనుటకు చేతిలో డబ్బు లేదు. లేమియే అతనిని పరిశోధకునిగా చేసినది.

మొదట రాగిరేకుపై అక్షరములను తలక్రిందులుగా, అద్దములో కనబడునట్లు, వ్రాసి ఆమ్లముతో కొరికించుట అభ్యసించినాడు. తప్పులు దొర్లినచోట పూయుటకు మైనము, సబ్బు, దీపపు మసి కలిపి ఒక సిరా తయారుచేసికొన్నాడు. ఒక్క రాగిరేకునే మరల మరల అరగదీసి వాడుకొనుటవలన అది పలుచబడిపోయినది. మరొకటి కొనుటకు శక్తి లేదు. సిరా నూరుకొనుటకై తెచ్చుకొన్న ఒక సున్నపురాతి పలక అతని గదిలో ఉండెను. బవేరియాలోని సోల్న్‌హోఫెన్ గనులలో దొరకు ఈ రాయి మన ఇండ్లలో పరచు షాబాదు బండవలె పలకలు పలకలుగా వచ్చును. నునుపు చేసిన అద్దమువలె ఉండును. వ్రాత అభ్యాసమునకు ఇది చాలునని దానినే ఎత్తుకొన్నాడు.

1796లో ఒకనాడు చాకలి మనిషి వచ్చి వాకిట నిలిచినది. వేయవలసిన బట్టల పద్దు వ్రాసిపెట్టుమని తల్లి కోరినది. చేతికి కాగితము ముక్క దొరకలేదు. అప్పుడే నునుపు చేసి ఉంచిన రాతిపలకపై, తాను చేసిన మైనపు సిరాతో సెనెఫెల్డర్ ఆ పద్దును గబగబ వ్రాసినాడు. తరువాత దానిని తుడువబోయి ఆగినాడు. ఈ రాతిని నీరు కలిపిన నత్రికామ్లముతో కొరికించిన ఏమగునో చూడవలెననిపించినది. చూచినాడు. సిరా ఉన్నచోటును ఆమ్లము ముట్టలేదు. తక్కిన రాయి కరగి అక్షరములు పేకముక్క మందమున పైకి నిలిచినవి. వాటికి రంగు పూసి కాగితముపై అచ్చు తీసినాడు.

ఈ చాకలిపద్దు కథ లోకమున మిక్కిలి ప్రచారము పొందినది. శిలాముద్రణ ఆనాడే పుట్టినదని, అంతయు అదృష్టమని చెప్పువారు పెక్కురు. అది సరికాదు. ఆనాడు అతడు సాధించినది పాత ఉబ్బు అచ్చునే. కొయ్యకు బదులు రాయి, కత్తికి బదులు ఆమ్లము వచ్చినవి, అంతియే. అసలు విషయము అతని చేతికి అందుటకు ఇంకను రెండు సంవత్సరములు పట్టినది.

ఆ రెండేండ్లు కష్టకాలము. పనికి పెట్టుబడి లేదు. ఒక పరిచితునికి బదులుగా ఫిరంగి దళమున సైనికునిగా చేరినచో 200 గుల్డెనులు వచ్చునని తెలిసి ఇంగోల్‌స్టాట్ వెళ్ళినాడు. ప్రేగ్‌లో పుట్టినవాడు బవేరియా సైన్యమునకు పనికిరాడని వారు త్రిప్పిపంపిరి. చివరకు ఫ్రాన్స్ గ్లైస్నర్ అను ఆస్థాన సంగీతకారుడు తోడుపడినాడు. సంగీత స్వరలిపిని అచ్చువేయుట లోహాక్షరములతో కష్టము, రాగిరేకుతో ఖరీదు. 1796లోనే గ్లైస్నర్ కూర్చిన 12 పాటలను సెనెఫెల్డర్ రాతి అచ్చుతో వెలువరించినాడు.

1798లో ఒక ప్రార్థనా పుస్తకమును చేతివ్రాత రూపమున అచ్చువేయవలసి వచ్చినది. రాతిపై తలక్రిందులుగా వ్రాయు బాధ తప్పించుకొనుటకై, కాగితముపై సూటిగా వ్రాసి ఆ సిరాను రాతిపైకి దింపు ఉపాయము కొరకు ఎన్నో ప్రయోగములు చేసినాడు. ఆ సందర్భమున ఒక పాత పుస్తకపు పుటను పలుచని బంకనీటిలో తడిపి దానిపై నూనె రంగు అద్దినాడు. అచ్చు అక్షరములు మాత్రమే రంగును పట్టినవి. తడిసిన తెల్లకాగితము రంగును ముట్టనీయలేదు. కాగితమునకు చెల్లిన ధర్మము రాతికేల చెల్లరాదని ప్రశ్నించుకొన్నాడు. రాతిపై సబ్బుతో ఒక గీత గీసి, బంకనీరు పోసి, నూనె రంగు అద్దినాడు. గీత నల్లబడినది. తడిరాయి తెల్లగా నిలిచినది. గీత ఎత్తుగా లేదు, లోతుగా లేదు. అయినను అచ్చు పడినది. శిలాముద్రణ నిజముగా పుట్టిన క్షణమది.

ఈ విధానమును విద్యార్థులకు సులభముగా చెప్పవచ్చును. నీరు, నూనె ఒకదానితో ఒకటి కలియవు. సోల్న్‌హోఫెన్ సున్నపురాయి రెండింటిని సమానముగా పీల్చుకొనును. జిడ్డు గల సిరాతోనో కణికతోనో రాతిపై బొమ్మ గీయుదురు. తరువాత కొద్దిపాటి ఆమ్లము కలిపిన తుమ్మబంక నీటిని పూయుదురు. దీనివలన బొమ్మ లేని భాగము తేమను పట్టియుంచు గుణము పొందును. పిదప రాతిని నీటితో తడిపి సిరా రోలరును దొర్లింతురు. తేమ ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోట అంటును. కాగితము పరచి నొక్కిన బొమ్మ దిగును. ప్రతి అచ్చుకు ముందు మరల తడుపవలెను, మరల సిరా పూయవలెను. పని ముగిసిన పిదప రాతిని ఇసుకతో నూరి కొత్త బొమ్మకు సిద్ధము చేయవచ్చును. సెనెఫెల్డర్ దీనికి రసాయన ముద్రణమని పేరు పెట్టినాడు. రాయియే అవసరము కాదని, లోహపు రేకుపై కూడ ఇది సాధ్యమని అతడే గ్రహించినాడు.

1799లో బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ యోసెఫ్ ఈ పద్ధతిపై 15 ఏండ్ల ప్రత్యేకాధికారమును ప్రసాదించినాడు. ఆఫెన్‌బాఖ్ నగరపు సంగీత ప్రచురణకర్త యోహాన్ ఆంటోన్ ఆంద్రే ఈ విద్యను నేర్చుకొనుటకై అతనితో ఒప్పందము చేసికొన్నాడు. సెనెఫెల్డర్ లండను వెళ్ళి 1801లో అక్కడ పేటెంటు పొందినాడు. తరువాత వియన్నాలో ప్రయత్నించినాడు. ఎచ్చటను నిలువలేదు. వ్యాపారము అతనికి చేతకాలేదు. భాగస్వాములతో పొత్తులు చెడినవి. అతని రహస్యము అతని కంటె వేగముగా ప్రయాణము చేసినది. అనుమతి లేని రాతి అచ్చుకూటములు నగర నగరమున వెలసినవి. అతడు తిరిగి మ్యూనిక్ చేరినాడు. 1809లో భూమిశిస్తు కొరకు పటములను అచ్చువేయు ప్రభుత్వ శాఖలో అతనికి పర్యవేక్షకుని ఉద్యోగము లభించినది. దేశములోని పొలములన్నిటిని కొలిచి పటములు వేయవలసిన ఆ మహాకార్యమునకు రాతి అచ్చు కంటె తగిన సాధనము లేకుండెను. ముప్పదియెనిమిదవ ఏట అతనికి తొలిసారిగా నిలుకడైన అన్నము దొరికినది.

1818లో అతడు చేసిన పని మా దృష్టిలో అతని జీవితమునకు కిరీటము వంటిది. తన విద్యనంతటిని ఒక సమగ్ర గ్రంథముగా వ్రాసి ప్రకటించినాడు. సిరాల పాళ్ళు, రాళ్ళ ఎంపిక, ఆమ్లపు మోతాదు, యంత్ర నిర్మాణము, రంగుల అచ్చు, కాగితమునుండి రాతిపైకి వ్రాతను దింపు పద్ధతి, తాను చేసిన పొరపాట్లతో సహా ఏదియు దాచలేదు. మరుసటి సంవత్సరమే అది ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలలోనికి అనువదింపబడినది. రహస్యమును అమ్ముకొనవలెనని యౌవనమున దేశదేశములు తిరిగినవాడే, దానిని చదువు వచ్చిన ప్రతివానికిని అప్పగించినాడు.

ఆ ఫలితము కళాలోకమున వెంటనే కనబడినది. చిత్రకారుడు చెక్కడపు పనివాని సాయము లేకుండ తానే రాతిపై గీయవచ్చును. స్పెయిన్ మహాచిత్రకారుడు గోయా 1825లో, దాదాపు 80 ఏండ్ల వయసున, ఫ్రాన్సులో ప్రవాసమున్నప్పుడు ఎద్దుల పోరాట దృశ్యములను రాతిపై గీసినాడు. పారిస్‌లో దోమియే సుమారు 4000 శిలాముద్రణ చిత్రములతో అధికారుల, న్యాయవాదుల అన్యాయములను ఎండగట్టి, రాజును వెక్కిరించినందుకు 1832లో చెరసాల పాలైనాడు. 1891లో తులూజ్ లోత్రెక్ రంగుల గోడపత్రికను కళాఖండముగా చేసినాడు. మన దేశమున రాజా రవివర్మ 1894లో బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయము, రంగు రంగునకు వేరు రాయి చొప్పున అచ్చువేసి ఆయన చిత్రములను సామాన్యుల ఇండ్ల గోడలకు చేర్చినది.

ఇక మన ఉర్దూ సంగతి. తెలుగు అక్షరములు 1746 నాటికే జర్మనీలోని హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ ప్రయత్నమువలన లోహరూపమున అచ్చుకెక్కినవి. ఉర్దూవారికి ప్రియమైన నస్తాలీఖ్ లిపి అట్లు లొంగలేదు. అందు ప్రతి అక్షరము పొరుగు అక్షరమును బట్టి రూపు మార్చుకొనును. పదము కుడినుండి ఎడమకు వాలుగా జారుచు పోవును. దానిని ముక్కలుగా పోతపోసిన అందము చెడును. 1800లో నెలకొన్న కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల ఉర్దూ గ్రంథములను లోహాక్షరములతో అచ్చువేయించినను పాఠకుల కంటికి అవి ఆనలేదు. 1820 ప్రాంతముల కలకత్తాకు, 1830 ప్రాంతముల లక్నోకు రాతి అచ్చు చేరిన పిదప చిక్కు వీడినది. కాతిబు తన కలముతో జిడ్డుసిరాతో కాగితముపై వ్రాయును. ఆ వ్రాత రాతిపైకి దిగును. వేల ప్రతులు వెలువడును. 1858లో మున్షీ నవల్ కిశోర్ లక్నోలో స్థాపించిన ముద్రణాలయము ఈ పద్ధతిన ఉర్దూ, ఫారసీ, అరబ్బీ, హిందీ గ్రంథములను చౌకగా అందించి దేశమున అతి పెద్ద ప్రచురణ సంస్థలలో ఒకటిగా వెలిసినది. 1981లో కంప్యూటరుపై నస్తాలీఖ్ అక్షరకూర్పు రాకపూర్వము ఉర్దూ పుస్తకమన్న కాతిబు చేతివ్రాతయే. చేతివ్రాతను నమ్మిన ముద్రణ లేకున్న, ఆ కాతిబుల కులాసా కలములు మూడు తరముల ముందే మూగవోయి ఉండెడివి.

సెనెఫెల్డర్ 1834 ఫిబ్రవరి 26న మ్యూనిక్ నగరమున కన్నుమూసినాడు. అతని దేశస్థులు 1892లో బెర్లిన్ నగరమున అతని విగ్రహమును ప్రతిష్ఠించిరి. పీఠముపై అతని పేరు తలక్రిందులుగా, అద్దములో చదువవలసినట్లు చెక్కబడియున్నది. నేడు పుస్తకములను, పత్రికలను విరివిగా అచ్చువేయు ఆఫ్‌సెట్ యంత్రములలో రాయి లేదు గాని, నీరు నూనె కలియవను అతని సూత్రమే పనిచేయుచున్నది.

విద్యార్థులారా, తండ్రి పోయి, చదువు ఆగి, అప్పులపాలైన ఇరవై ఏండ్ల యువకులు మన మధ్యను ఉన్నారు. చాకలిపద్దు వ్రాయు అవసరము ఎవరికైనను కలుగవచ్చును. తుడువబోయి ఆగుట, ఆగి ఇదేలనని అడుగుట, అడిగినదానికి రెండేండ్లు సమాధానము వెదకుట మాత్రము అదృష్టము కాదు. దొరికిన సమాధానమును దాచుకొనక లోకమునకు వ్రాసియిచ్చుట అంతకంటె పెద్ద గుణము. ఈ రెంటిని సెనెఫెల్డర్ జీవితమునుండి మనము గ్రహింపవలెనని మా ఆకాంక్ష.