నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్

కాటన్ దొర పేరు మన రాజాం ప్రాంతపు విద్యార్థులలో ఎరుగనివారుండరు. అదే గోదావరికి ఉపనది అయిన మంజీరపై మహాజలాశయాన్ని నిర్మించిన హైదరాబాదు ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ మాత్రం మనలో పెక్కుమందికి అపరిచితులు. కాటన్ పరదేశీయుడు; వీరు ఈ గడ్డ బిడ్డ. అయినను పాఠ్యపుస్తకాలు వీరిని తగినంతగా స్మరించలేదనే చెప్పవలెను.

వీరి అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు, మదరసా-ఇ-ఆలియా, నిజాం కళాశాలలలో చదివి, 1896లో ప్రభుత్వ విద్యార్థివేతనంపై ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలకు వెళ్లారు. 1899లో స్వదేశం చేరి, నిజాం ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా ఉద్యోగం ప్రారంభించారు. క్రమంగా ఆ శాఖకు చీఫ్ ఇంజనీరు, కార్యదర్శి పదవులను అలంకరించారు.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచివేసింది. వేలాది ప్రాణాలు పోయాయి. నగర రక్షణకై మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించగా, ఆయన నగరానికి ఎగువన జలాశయాలు అవసరమని సూచించారు. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నదిపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తియైనవి. రెండవదాని నిర్మాణ బాధ్యతను అలీ నవాజ్ జంగ్ వహించారు. వరదను ఆపే కట్టలే నగరవాసుల దాహం తీర్చే చెరువులైనవి.

వీరి కీర్తికి అసలు ఆధారం నిజాం సాగర్. అచ్చంపేట వద్ద మంజీరకు అడ్డుగా 1923లో పని మొదలై 1931లో ముగిసింది. రెండు లక్షల డెబ్బదియైదు వేల ఎకరాలకు నీరందించుటకు ఉద్దేశించిన ఆ కాలువలు ఇందూరు సీమ స్వరూపాన్నే మార్చివేసినవి. వరి విస్తరించింది, చెరకు పెరిగింది. ఆ చెరకే 1937లో బోధనులో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారానికి ప్రాణాధారమైంది. అయితే ఆ జలాశయం క్రింద సుమారు నలుబది గ్రామాలు మునిగిపోయినవి. ప్రశంసావాక్యాలలో ఆ ఊళ్ల ప్రస్తావన అరుదు. మడ్డువలస జలాశయాన్ని దగ్గరగా చూచిన మనవారికి ఈ మాటలోని బరువు వేరుగా చెప్పనక్కరలేదు.

ఖమ్మం ప్రాంతపు వైరా, పాలేరు జలాశయాలును వీరి కాలపు కృషియే. తుంగభద్ర జలాల విషయమై మద్రాసు ప్రభుత్వంతో సాగిన చర్చలలో హైదరాబాదు పక్షాన వీరు పట్టుదలతో నిలిచారు. నది పుట్టిన, ప్రవహించిన నేలకు అందులో న్యాయమైన వాటా ఉండవలెననునది వీరి వాదం. ఆ వివాదం నేటికిని వేరు వేరు రూపాలలో సాగుతూనే ఉన్నది.

వీరి ప్రతిభ సంస్థానపు ఎల్లలు దాటింది. 1938లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో, నదీ నియంత్రణ, నీటిపారుదల ఉపసంఘానికి వీరే అధ్యక్షులు. స్వతంత్ర భారతంలో నదుల భవితవ్యాన్ని ఆలోచించే ఆ బాధ్యత ఒక సంస్థానపు ఇంజనీరుకు దక్కుట సామాన్య విషయం కాదు.

1949 డిసెంబరు 6న వీరు పరమపదించారు. దాదాపు 30 టి.ఎం.సి.ల నీటిని నిలుపుటకు నిర్మించిన నిజాం సాగర్ పూడిక వలన 1970ల నాటికే అందులో సగానికి పైగా కోల్పోయింది. పిదప నీటిమట్టం పెంచి కొంత సామర్థ్యాన్ని తిరిగి సాధించారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014 నుండి వీరి జన్మదినం అచట ఇంజనీర్ల దినోత్సవంగా జరుగుచున్నది.