మూడు కార్డ్స్ చాలు

గిటార్ కొత్తగా పట్టిన యౌవనస్థులకు ఈ క్రిస్మస్‌కు మేము సూచించే పాట ‘శుద్ధరాత్రి’. అది తొలిసారి గిటార్‌తోనే వినబడింది.

దాన్ని రాసిన జోసెఫ్ మోర్ 1792 డిసెంబరు 11న, నేటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పుట్టాడు. తల్లి అవివాహిత, అల్లిక పనితో బతికే పేదరాలు. సైనికుడైన తండ్రి కాన్పుకు ముందే వెళ్లిపోయాడు. ఆలయ గాయక బృందాన్ని నడిపే ఒక పెద్ద ఆ పిల్లవాడిలోని వరాన్ని గుర్తించి చదివించాడు. అలాంటి పుట్టుక గలవారు గురువులు కావాలంటే ఆ రోజుల్లో ప్రత్యేక అనుమతి కావాలి. అది పొంది, 1815లో మోర్ గురువుగా అభిషేకం పొందాడు.

మరుసటి ఏడు మరియాప్‌ఫార్‌లో ఈ గీతం రాశాడు. 1818 డిసెంబరు 24న ఓబెర్న్‌డార్ఫ్‌లో, పొరుగూరి బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్‌కు దాన్నిచ్చి, రెండు గొంతులకూ గిటార్‌కూ సరిపడా రాగం కట్టమన్నాడు. ఆ రాత్రే సెయింట్ నికోలస్ ఆలయంలో ఇద్దరూ పాడారు. గిటార్ వాయించింది మోరే.

తర్వాత వాగ్రైన్‌లో బడి కట్టించాడు, పేదపిల్లల చదువుకు తోడ్పడ్డాడు. 1848లో అక్కడే పేదవాడిగా ప్రభువునందు నిద్రించాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, జి, సి, డి కార్డ్స్ వస్తే ఈ పాట వాయించవచ్చు. తొందరపడకుండా, మూడేసి దెబ్బల లయలో సాధన చేయండి. సంఘ పెద్దలకు మా మనవి ఒక్కటే: వాయించడానికి ముందుకొచ్చిన బిడ్డను ఎవరి బిడ్డవని అడగకండి. పశువుల తొట్టిలో పరుండిన ప్రభువు ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు.