మూడవ సాలార్‌జంగు ఆయుధ సేకరణ

హైదరాబాదు దివానుల వంశంలో మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో జన్మించారు. తండ్రియైన రెండవ సాలార్‌జంగు అదే యేట గతించారు. 1912లో ఏడవ నిజాము ఇరువదిమూడేండ్ల ఆ యువకుని దివానుగా నియమించారు. ఆయన 1914లోనే ఆ పదవిని విడిచి, తక్కిన ముప్పదియైదేండ్లూ వస్తు సేకరణకే ధారవోశారు. వివాహమాడలేదు.

ఆయన కొనని వస్తువు అరుదు. అందులో పూర్వకాలపు యుద్ధసామగ్రి ముచ్చట వేరు. ఖడ్గాలు, బాకులు, డాళ్లు, శిరస్త్రాణాలు, కవచాలు దివాన్ దేవిడీకి చేరాయి. ఔరంగజేబుదని ప్రతీతి గల ఆయుధమూ, తానీషాదని ప్రతీతి గల ఆయుధమూ ఒకే కప్పు క్రిందికి రావడం వింత. రామదాసు కథలోని తానీషాయే ఇతడు. 1687లో గోల్కొండను ఔరంగజేబుకు కోల్పోయి, దౌలతాబాదు కోటలో బందీయైనాడు. గెలిచినవాని కత్తికీ ఓడినవాని కత్తికీ నవాబు ఇంట ఒకే మర్యాద! అయితే పాదుషా పేరు తగిలితే కత్తి వెల పెరుగుతుంది. పిడిమీది అక్షరాలూ పనితనమూ సాక్ష్యమీయనిదే ఆ పేరును నమ్మరాదు.

1949 మార్చి 2న నవాబు మరణించేనాటికి సంతానం లేదు. దాయాదులు పంచుకొని ఉంటే ఈ సొత్తంతా చెల్లాచెదరయ్యేదే. ప్రభుత్వం పూనుకొని, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ చేత వస్తువులను అమర్పించి, 1951 డిసెంబరు 16న నెహ్రూ చేత దేవిడీలోనే ప్రదర్శనశాలను తెరిపించింది. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో అది మూసీ ఒడ్డుకు తరలింది. దేవిడీ దాదాపు రూపుమాసింది. దర్వాజాలు మాత్రం మిగిలాయి.