ఉహుద్ గాయాలతో నడిచిన ఉదార వర్తకుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)

జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగే వేళ మన ఊళ్ళలో ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. నందికొట్కూరైనా, ఆళ్ళగడ్డ అయినా, నంద్యాల అయినా అంతే. గేటు పక్కన చంకకర్రలు ఆనించుకుని ఒకాయన కూర్చుని ఉంటాడు. మనవరాలి భుజం పట్టుకుని చూపులేని వృద్ధుడొకడు నిలబడి ఉంటాడు. మనం జేబులో చేయిపెట్టి, చేతికందిన నాణెం వేసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోతాం. సదఖా ఇచ్చామన్న తృప్తి మనకు మిగులుతుంది. ఆ మనిషి పేరేమిటో, ఏం పని చేతనవునో మాత్రం అడగము. కాలు లేనివాడు మన ముందు చేయి చాపవలసినవాడేనని మనసులో ఎప్పుడో తీర్మానించుకున్నాం.

ఈ తీర్మానం ఎంత తప్పో తెలుసుకోవాలంటే పధ్నాలుగు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళి మదీనా బజారులో నడిచిన ఒక వర్తకుణ్ణి చూడాలి. ఆయన నడకలో కుంటుదనం ఉండేది. ముందరి పళ్ళు విరిగి ఉండేవి. ఒంటిమీద ఇరవైకి పైగా గాయాల మచ్చలు. ఆ కాలపు మదీనాలో అంతటి సంపన్నులు బహుకొద్దిమంది. ఆయనే హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి). జీవించి ఉండగానే స్వర్గ శుభవార్త అందుకున్న పదిమంది సహచరులలో ఒకరు.

కట్టుబట్టలతో మదీనాకు

ఏనుగుల సంఘటన జరిగిన దాదాపు పదేళ్ళకు మక్కాలో, ఖురైషు వంశంలోని జుహ్రా తెగలో ఆయన జన్మించారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మాతృమూర్తి హజ్రత్ ఆమినాది కూడా ఆ తెగే. ఇస్లాంకు ముందు ఆయనకున్న పేరును మార్చి అబ్దుర్రహ్మాన్ అని పేరు పెట్టింది దైవప్రవక్తే (స). హజ్రత్ అబూబక్ర్ (రజి) ద్వారా సత్యసందేశం విని, మొట్టమొదట విశ్వసించిన ఎనిమిది మందిలో ఒకరయ్యారు. మక్కావాసుల హింస భరించలేక అబిసీనియాకు వలస వెళ్ళిన వారిలోనూ ఆయన ఉన్నారు. క్రీ.శ. 622లో మదీనాకు హిజ్రత్ చేసేసరికి మక్కాలో సంపాదించుకున్నదంతా అక్కడే వదిలి రావలసి వచ్చింది.

మదీనాలో దైవప్రవక్త (స) ముహాజిర్లకూ, అన్సార్లకూ మధ్య అన్నదమ్ముల బంధం కలిపారు. అబ్దుర్రహ్మాన్ (రజి)కు సోదరుడిగా దొరికింది హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి). అన్సార్లలో ధనవంతుడైన ఆయన తన ఆస్తిని చెరిసగం చేసి ఇస్తానని ముందుకొచ్చారు. చేతిలో చిల్లిగవ్వ లేని పరాయి ఊరివాడు అంత మాట వింటే కాదనడం కష్టం. అబ్దుర్రహ్మాన్ (రజి) మాత్రం ఆయన సంసారమూ సంపదా చల్లగా ఉండాలని దీవించి, తనకు బజారు దారి చూపిస్తే చాలన్నారు.

చూపించిన దారి ఖైనుఖా తెగవారి సంతకు వెళ్ళింది. తొలిరోజే కొద్దిపాటి సరుకు కొని అమ్మి, లాభంగా కొంత నెయ్యి, కొంత ఎండు జున్ను ఇంటికి తెచ్చుకున్నారు. మర్నాడూ వెళ్ళారు, ఆ మర్నాడూ వెళ్ళారు. కొద్దికాలానికే ఒక అన్సారీ స్త్రీని నికాహ్ చేసుకుని, ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చారు. సంగతి తెలిసి దైవప్రవక్త (స) సంతోషించి, ఒక్క మేకనైనా కోసి వలీమా విందు పెట్టమని చెప్పారు.

ఉహుద్ నాడు

హిజ్రీ 3వ సంవత్సరం, అంటే క్రీ.శ. 625లో, ఉహుద్ కొండ దగ్గర యుద్ధం జరిగింది. ఆ ఒక్కరోజు జరిగిన సంగతులను పక్కపక్కన పెట్టి చూస్తే, అంగవైకల్యం గురించి ఆ సమాజం ఎలా ఆలోచించిందో మనకు బోధపడుతుంది.

దైవప్రవక్త (స) సైన్యంతో ఉహుద్‌కు కదిలినప్పుడు మదీనాలో ఉండిపోయిన వారికి నమాజు చేయించే బాధ్యతను హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)కు అప్పగించి వెళ్ళారు. ఆయన అంధులు. ఫజర్ అజాన్ ఇచ్చే ముఅజ్జిన్. ఖుర్ఆన్‌లోని అబస సూరా ప్రారంభ ఆయతులు అవతరించింది ఆయన విషయంలోనే. పెద్దపెద్ద నాయకులతో మాట్లాడుతున్న సమయంలో వచ్చిన అంధుణ్ణి పక్కన పెట్టడం తగదని సాక్షాత్తూ దైవప్రవక్తకే (స) అల్లాహ్ తెలియజేసిన సందర్భమది.

అదే రోజు హజ్రత్ అమ్ర్ బిన్ జమూహ్ (రజి) అనే వృద్ధుడు తానూ వస్తానని పట్టుబట్టారు. ఆయన కాలు బాగా కుంటు. నలుగురు కొడుకులు యుద్ధానికి బయలుదేరుతూ తండ్రిని ఇంట్లో ఉండమన్నారు. ఆయన దైవప్రవక్త (స) దగ్గరికి వెళ్ళి కొడుకుల మీద ఫిర్యాదు చేశారు. ఆయనకు యుద్ధబాధ్యత నుంచి మినహాయింపు ఉందని దైవప్రవక్త (స) తెలిపారు. అయినా ఆయన కోరిక చూసి, తండ్రిని ఆపవద్దని కొడుకులకు చెప్పారు. మినహాయింపు ఆ వృద్ధుడి సౌకర్యం కోసం ఉంది, ఆయన్ని ఇంట్లో బంధించడానికి కాదు. ఆయన ఆ రోజు షహీద్ అయ్యారు.

ఆ పోరులోనే అబ్దుర్రహ్మాన్ (రజి) ఇరవైకి పైగా గాయాలతో ఒరిగారు. నోటికి దెబ్బ తగిలి ముందరి పళ్ళు విరిగాయి. కాలికి తగిలిన గాయం మానినా కుంటుదనం మిగిలిపోయింది. మదీనాలో తనను సోదరుడిగా అక్కున చేర్చుకున్న సాద్ బిన్ రబీ (రజి) కూడా ఆ మైదానంలోనే షహీద్ అయ్యారు. ఉహుద్ నుంచి తిరిగి వచ్చిన ప్రతి అడుగూ ఆ సోదరుణ్ణి ఆయనకు గుర్తు చేసే ఉంటుంది.

కుంటుదనం వచ్చాక

ఇక్కడే మనం కాస్త ఆగి ఆలోచించాలి. మన ఇంట్లో ఒకరికి ప్రమాదంలో కాలు దెబ్బతింటే ఏం జరుగుతుంది? దుకాణం తాళాలు తమ్ముడి చేతికి పోతాయి. పెళ్ళిమాటలకు ఆయన్ని పిలవడం మానేస్తారు. మూలన మంచం వేసి, టయానికి భోజనం పెడితే బాధ్యత తీరిందనుకుంటారు.

మదీనాలో అలా జరగలేదు. హిజ్రీ 6వ సంవత్సరంలో, ఉహుద్ గాయాలు తగిలిన మూడేళ్ళకు, దూరాన ఉన్న దూమతుల్ జందల్‌కు పంపే దళానికి నాయకత్వం అబ్దుర్రహ్మాన్ (రజి)కే ఇచ్చారు. దైవప్రవక్త (స) స్వయంగా తన చేతులతో ఆయన తలకు పాగా చుట్టి సాగనంపారు. ఆ ప్రయాణం యుద్ధంతో కాక, అక్కడి నాయకుడు ఇస్లాం స్వీకరించి తన కుమార్తెను ఆయనకిచ్చి నికాహ్ చేయడంతో ముగిసింది. హిజ్రీ 9లో తబూక్ ప్రయాణంలో మరో అపురూపమైన ఘటన. ఫజర్ వేళకు దైవప్రవక్త (స) రావడం ఆలస్యమైతే, సహచరులు అబ్దుర్రహ్మాన్ (రజి)ను ఇమాముగా నిలబెట్టారు. దైవప్రవక్త (స) వచ్చి ఆయన వెనుక నిలబడి నమాజు పూర్తి చేశారు. కుంటి నడక ఆయన్ని ముందు వరుసకు దూరం చేయలేదు.

వ్యాపారం, నిజాయితీ

ఇంత సంపద ఎలా వచ్చిందని అడిగేవారికి ఆయన చెప్పిన కిటుకులు ఏ మండీ వ్యాపారికైనా అర్థమయ్యేవే. చేతికొచ్చిన లాభం ఎంత కొంచెమైనా కాదనలేదు. అరువు మీద అమ్మలేదు. బేరం వచ్చినప్పుడు ధర పెరుగుతుందేమోనని సరుకు పట్టుకుని కూర్చోలేదు. ఇమామ్ గజాలీ తన ఇహ్యా ఉలూముద్దీన్‌లో ఒక సంగతి రాశారు. ఒకసారి ఆయన వెయ్యి ఒంటెలను కొన్న ధరకే అమ్మేశారట. మిగిలింది వాటి మోకాలి తాళ్ళు మాత్రమే. తాడుకొక దిర్హమ్ చొప్పున వెయ్యి దిర్హములు వచ్చాయి. ఆ రోజు మేత ఖర్చు తప్పడంతో ఇంకో వెయ్యి మిగిలాయి. పంట చేతికొచ్చే కాలంలో సరుకు దాచి, కరువు వచ్చాక రెట్టింపు ధరకు అమ్ముకోవాలని చూసేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

మదీనా వెలుపల జుర్ఫ్ దగ్గర ఆయనకు పొలాలుండేవి. ఇరవై ఒంటెలతో నీళ్ళు తోడించి సాగు చేయించేవారు. ఇంత ఉన్నా, పనివాళ్ళ మధ్య నిలబడితే యజమాని ఎవరో పోల్చుకోవడం కష్టమయ్యేదట. ఆయన దుస్తులు వాళ్ళ దుస్తులకన్నా మెరుగ్గా ఉండేవి కావు.

పంచిన చేయి

మదీనావాసులంతా ఆయన సంపదలో భాగస్వాములేనని ఆనాటి వారు అనుకునేవారు. మూడోవంతు జనానికి ఆయన అప్పు ఇచ్చేవారు. మరో మూడోవంతు అప్పులు తానే తీర్చేవారు. మిగిలిన మూడోవంతుకు ఉచితంగా ఇచ్చేవారు. ఈ మూడు దారులనూ గమనించండి. ఒకడికి పెట్టుబడి కావాలి, ఒకడికి మెడమీది అప్పు పోవాలి, ఒకడికి అన్నం కావాలి. ఎవరికేది అవసరమో తెలుసుకుని ఇవ్వాలంటే ముందు ఆ మనిషితో మాట్లాడాలి. గేటు దగ్గర నాణెం విసిరినంత సులువు కాదది.

ఒకసారి ఆయన తన భూమిని హజ్రత్ ఉస్మాన్ (రజి)కు నలభై వేల దీనార్లకు అమ్మి, ఆ సొమ్మంతా తన తెగలోని పేదలకూ, ఇతర అవసరార్థులకూ, దైవప్రవక్త (స) సతీమణులకూ పంచిపెట్టారు. తన భాగం అందుకున్న హజ్రత్ ఆయిషా (రజి) స్వర్గంలోని సల్‌సబీల్ నీటితో ఆయన దాహం తీరాలని దుఆ చేశారు. ఎందరో బానిసలను కొని స్వేచ్ఛ ఇచ్చారు.

ఐశ్వర్యం ఆయన్ని నిద్రపుచ్చలేదు. ఒకనాడు ఉపవాసం విరమించే వేళ ఎదుట భోజనం పెట్టారు. దాన్ని చూడగానే ఉహుద్‌లో షహీద్ అయిన హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) గుర్తొచ్చారు. ఆయన కఫన్‌కు దొరికింది ఒక్క చిన్న గుడ్డ. తల కప్పితే కాళ్ళు బయటపడేవి, కాళ్ళు కప్పితే తల బయటపడేది. తనకన్నా మేలైనవారు అలా వెళ్ళిపోయారనీ, తమ పుణ్యఫలమంతా ఈ లోకంలోనే ముందుగా ఇచ్చేశారేమోననీ తలచుకుని ఏడ్చారు. భోజనం అలాగే ఉండిపోయింది.

పదవి వద్దన్న మనిషి

క్రీ.శ. 644లో హజ్రత్ ఉమర్ (రజి) మరణశయ్యపై ఉండి, తదుపరి ఖలీఫాను ఎన్నుకోవడానికి ఆరుగురిని నియమించారు. వారిలో అబ్దుర్రహ్మాన్ (రజి) ఒకరు. ముందుగా తన పేరు తానే తీసేసుకున్నారు. తర్వాత మూడు రోజులు నిద్ర మానుకుని మదీనావాసుల అభిప్రాయాలు సేకరించారు. చివరకు హజ్రత్ ఉస్మాన్ (రజి) ఎన్నికయ్యారు. కోరితే అందేంత దగ్గరలో ఉన్న పదవిని వదులుకోవడం, సొమ్ము వదులుకోవడంకన్నా కష్టం. ఆయన రెండూ చేశారు.

హిజ్రీ 32, క్రీ.శ. 652 ప్రాంతంలో, డెబ్బై దాటిన వయసులో ఆయన పరమపదించారు. మదీనాలోని జన్నతుల్ బఖీలో ఖననం చేశారు. బద్ర్ యుద్ధంలో పాల్గొని అప్పటికి జీవించి ఉన్న ప్రతి ఒక్కరికీ నాలుగు వందల దీనార్లు ఇవ్వాలని వీలునామా రాసి వెళ్ళారు. ఖలీఫాగా ఉన్న ఉస్మాన్ (రజి) తాను స్వయంగా ధనవంతుడై ఉండీ, ఆ సొమ్ము స్వచ్ఛమైనదని తన భాగం స్వీకరించారు. ఒక వ్యాపారికి ఇంతకన్నా గొప్ప కితాబు ఏముంటుంది?

మనకేం చెబుతుంది?

అబ్దుర్రహ్మాన్ (రజి) వికలాంగుల కోసం సంఘం పెట్టలేదు. ఆయన జీవితమే ఒక వాదన. కుంటుదనం ఉన్న మనిషి వ్యాపారం చేయగలడు, దళాన్ని నడపగలడు, నమాజు చేయించగలడు, ఊరంతటికీ అప్పు ఇవ్వగలడు. అయితే ఆయనకు ఆ అవకాశం ఇచ్చిన సమాజం చుట్టూ ఉంది. అంధులు, కుంటివారు, రోగులు ఇతరులతో కలిసి భోంచేయడంలో తప్పేమీ లేదని అన్నూర్ సూరా 61వ ఆయతు స్పష్టం చేసింది. క్రీ.శ. 707లో ఖలీఫా వలీద్ నడవలేని వారికి సేవకులనూ, అంధులకు దారిచూపేవారినీ ఏర్పాటు చేసినట్లు చరిత్రకారులు రాశారు.

మన దేశంలో 1995లో ఒక చట్టం, దాని స్థానంలో 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. కొత్త చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వోద్యోగాల్లో కనీసం 4 శాతం కేటాయించింది. కానీ సదరం శిబిరం ఎప్పుడో, ఏ కాగితాలు కావాలో తెలియక ఇంట్లోనే ఉండిపోయేవారు మన వీధుల్లో ఉన్నారు. చదువుకున్న కుర్రవాడు ఒకరోజు తోడు వెళితే ఒక కుటుంబం దారిన పడుతుంది. మస్జిదు మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా ఒక వాలు కట్టించడానికి ఎంత సిమెంటు కావాలి? మన దుకాణంలో లెక్కలు రాయడానికి రెండు కాళ్ళూ బాగుండాలా?

వచ్చే జుమాకు గేటు దగ్గర కూర్చున్న ఆ మనిషికి సలామ్ చెప్పి, పేరు అడుగుదాం. ఏ పని చేతనవునో అడుగుదాం. మదీనాకు కట్టుబట్టలతో వచ్చిన ఒకాయనకు బజారు దారి చూపించిన వారు ఉన్నారు కనుకే చరిత్రకు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దొరికారు. ఆ దారి చూపించే పుణ్యం మనకూ దక్కేలా అల్లాహ్ అనుగ్రహించుగాక. ఆమీన్.