మాటకు మెదడులో చోటు చూపిన వైద్యుడు పాల్ బ్రోకా

న్యూఢిల్లీ: మెదడులోని ఎడమ, కుడి అర్ధగోళాలు ఒకే విధంగా పనిచేయవని ఆధారాలతో వైద్యలోకాన్ని ఒప్పించిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా 1880 జులై 9న, 56 ఏళ్ల వయసులో పారిస్‌లో కన్నుమూశారు. ఎడమ మెదడు వారు లెక్కల్లో, కుడి మెదడు వారు కళల్లో రాణిస్తారన్న నేటి నమ్మకానికి తొలి బీజం ఆయన పరిశోధనలోనే కనిపిస్తుంది. అయితే ఆయన చెప్పింది అది కాదు.

బ్రోకా 1824 జూన్ 28న నైరుతి ఫ్రాన్స్‌లోని సాంత్ ఫ్వా లా గ్రాండ్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి కూడా వైద్యుడే. పారిస్‌లో వైద్యవిద్య పూర్తిచేసి శస్త్రవైద్యుడిగా పేరు తెచ్చుకున్న ఆయన 1859లో అక్కడ మానవశాస్త్ర సంఘాన్ని స్థాపించారు. 1861 తొలి నెలల్లో ఆ సంఘంలో ఒక వివాదం రాజుకుంది. మెదడు మొత్తం ఒకటిగా పనిచేస్తుందా, లేక మాట వంటి శక్తులకు వేర్వేరు స్థానాలు ఉన్నాయా అన్నదే ఆ చర్చ. మాటకు స్థానం మెదడు ముందు భాగమేనని ఎర్నెస్ట్ ఓబర్తాన్ అనే వైద్యుడు వాదించారు.

అదే సమయంలో, ఏప్రిల్ 11న, బిసెత్ర్ ఆసుపత్రిలో బ్రోకా వద్దకు లెబోర్న్య అనే 51 ఏళ్ల రోగిని తీసుకొచ్చారు. కాలికి సోకిన తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఆయన బాధపడుతున్నారు. అంతకు 21 ఏళ్ల ముందే ఆయన మాట కోల్పోయారు. ఏమడిగినా ఆయన నోటి నుంచి టాన్ అన్న ఒక్క శబ్దమే వచ్చేది. ఆసుపత్రిలో అందరూ ఆయనను ఆ పేరుతోనే పిలిచేవారు. కానీ ఎదుటివారు చెప్పేది ఆయనకు చాలావరకు అర్థమయ్యేది. ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారని బ్రోకా అడిగితే, అరచేతిని నాలుగుసార్లు తెరిచి, ఆపై ఒక వేలు చూపారు. ఆ లెక్క సరిగ్గా 21.

ఆరు రోజులకు, ఏప్రిల్ 17న, లెబోర్న్య మరణించారు. మరుసటి రోజే బ్రోకా ఆయన మెదడును సంఘం ముందు ఉంచారు. ఎడమ అర్ధగోళం ముందు భాగంలో, కింది మడత చుట్టూ కణజాలం దెబ్బతిని ఉంది. కొద్ది నెలలకు, కొన్ని మాటలే పలకగలిగిన లెలాంగ్ అనే వృద్ధుడి మెదడులోనూ దాదాపు అదే చోట దెబ్బ కనిపించింది. ఆ ప్రాంతమే తర్వాతి కాలంలో బ్రోకా ప్రాంతంగా ప్రసిద్ధి పొందింది.

అయినా ఆయన తొందరపడలేదు. 1863 నాటికి ఎనిమిది కేసులు పోగయ్యాయి. అన్నింటిలోనూ దెబ్బ ఎడమ వైపే ఉంది. అది ఆశ్చర్యకరమని నమోదు చేశారే గాని తీర్పు చెప్పలేదు. అవయవాలు జంటగా ఉంటే రెండూ ఒకే పని చేస్తాయన్నది నాటి శరీరశాస్త్ర విశ్వాసం. భాషను ప్రధానంగా నడిపేది ఎడమ అర్ధగోళమేనని ఆయన స్పష్టంగా ప్రకటించింది 1865లోనే.

అప్పటికే మరో వివాదం తలెత్తింది. తన తండ్రి మార్క్ డాక్స్ 1836లోనే ఈ విషయం రాశారంటూ గుస్తావ్ డాక్స్ అనే వైద్యుడు 1863లో ఆ వ్యాసాన్ని వైద్య అకాడమీకి పంపారు. అది 1865లో అచ్చయింది. తొలి ఘనత ఎవరిదన్న చర్చ చరిత్రకారుల మధ్య నేటికీ ఉంది.

కుడి అర్ధగోళాన్ని బ్రోకా పనికిరానిదిగా చూడలేదు. ఎడమ వైపు పుట్టుకతోనే ఎదగకపోయినా మాట్లాడగలిగినవారు ఉండటాన్ని గుర్తించి, అవసరమైతే కుడి వైపు ఆ బాధ్యతను స్వీకరించగలదని భావించారు. మాట పోయినవారికి మళ్లీ భాష నేర్పవచ్చన్న ఆశకు అది దారి చూపింది.

ఆయన జీవితంలో మరో పార్శ్వమూ ఉంది. మెదడు బరువును, పుర్రె కొలతలను బట్టి తెలివిని అంచనా వేయవచ్చని నమ్మి, స్త్రీలను, ఐరోపాయేతర జాతులను తక్కువగా చూపే నిర్ణయాలకు వచ్చారు. తర్వాతి విజ్ఞానం వాటిని తోసిపుచ్చింది. రోగుల విషయంలో చూపిన జాగ్రత్త ఈ కొలతల విషయంలో కొరవడింది.

లెబోర్న్య మెదడును పారిస్‌లో భద్రపరిచారు. 2007లో వెలువడిన ఎంఆర్ఐ పరిశోధన, దెబ్బ బ్రోకా పైకి చూసిన దానికన్నా లోతుగా వ్యాపించిందని తేల్చింది. రెండు అర్ధగోళాలను కలిపే నాడుల వంతెనను కోసిన రోగులపై చేసిన పరిశోధనలకు అమెరికా శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ 1981లో నోబెల్ బహుమతి పొందారు. ఆ ఫలితాలే జనంలోకి వచ్చేసరికి మనుషులను ఎడమ, కుడి మెదడు వారిగా విడదీసే ప్రచారంగా మారాయి. 2013లో అమెరికాలో వెయ్యి మందికి పైగా మెదడు చిత్రాలను పరిశీలించిన అధ్యయనానికి అటువంటి మనుషులు ఉన్నారనేందుకు ఆధారం దొరకలేదు.

ఢిల్లీకి సమీపంలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఇదే ప్రశ్నను భారతీయ లిపుల వైపు నుంచి అడిగారు. దేవనాగరి చదివేటప్పుడు ఎడమతో పాటు కుడి అర్ధగోళమూ పనిచేస్తున్నట్లు 2009లో ప్రచురించిన పరిశోధనలో వారు చూపారు. హల్లులు వరుసగా నడుస్తుండగా అచ్చుల గుర్తులు పైన, కింద, ఇరుపక్కలా చేరడం ఆ లిపి లక్షణం. గుణింతాలతో సాగే తెలుగు లిపి కూడా ఆ కుటుంబానిదే.

బ్రోకా మరణానికి కొన్ని నెలల ముందే ఫ్రాన్స్ ఆయనను సెనేట్‌కు జీవితకాల సభ్యుడిగా ఎంపిక చేసింది. నేడు పక్షవాతంతో మాట పడిపోయిన వ్యక్తికి మాటలు మళ్లీ నేర్పించే ప్రతి చోటా, 21 ఏళ్లు ఒకే శబ్దంతో బతికిన లెబోర్న్యకు, ఆయన వేళ్ల లెక్కను శ్రద్ధగా రాసుకున్న వైద్యుడికి కొంత రుణం ఉంది.